తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని

ఇల్లు కొన్నారు. రిజిస్ట్రేషన్ అయింది. కానీ ఒక గదికి తాళం వేసి, తాళంచెవి అమ్మినవాడే జేబులో వేసుకుపోయాడు. పైగా, "ఆ గది జోలికి వెళ్ళారంటే ఇంటి మరమ్మతు పూచీ నాది కాదు" అన్నాడు. అలాంటి ఇల్లు ఎవరైనా కొంటారా అంటారు మీరు. కొన్నామండీ! మన చేతుల్లోని స్మార్ట్‌ఫోను అలాంటిదే.

ఆ గది పేరు 'రూట్'. మాట పాతదే. 1970 ప్రాంతాల్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో రూపుదిద్దుకున్న యూనిక్స్‌లో, సర్వాధికారాలూ వుండే పెత్తందారుకి ఆ పేరు. ఆండ్రాయిడ్ ఫోను లోపల వున్నది ఆ పోలికతో పుట్టిన లినక్సే. అయితే డబ్బు పోసి కొన్నవాడికి మాత్రం పెత్తనం దక్కలేదు.

2008 అక్టోబరులో హెచ్‌టీసీ వారి మొదటి ఆండ్రాయిడ్ ఫోను అమెరికాలో బజారుకొచ్చింది. కొద్ది రోజులకే ఓ వింత బయటపడింది. మీటలమీద ఏది కొట్టినా, లోపల అది పెత్తందారు ఆజ్ఞగా కూడా చెల్లిపోతోంది! కబుర్ల మధ్య 'రీబూట్' అని కొడితే ఫోను కాస్తా ఆరిపోయి మళ్ళీ వెలిగింది. తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని అన్నట్టయింది. గూగుల్ వారు గబగబా గొళ్ళెం బిగించారు. కానీ దారి వుందని లోకానికి తెలిసిపోయింది.

ఎక్కడో అమెరికా ముచ్చట మనకెందుకంటారా? మనకది ముచ్చట కాదు, అక్షరాల కరువు. 2010, 2011 నాటి ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటికి తెలుగు రాదు. మదనపల్లె టమాటా ధర గురించి తెలుగులో కబురొచ్చినా, పుంగనూరు నుంచి పెళ్ళి పిలుపొచ్చినా తెరనిండా ఖాళీ డబ్బాలే. మూడు రాష్ట్రాలు కలిసే చోట, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన కుప్పంలో అయితే తెలుగుతోపాటు కన్నడమూ డబ్బాలే!

ఒపేరా మినీలో ఒక చిట్కా వుండేది. అక్షరాలను అక్కడెక్కడో బొమ్మలుగా మార్చి పంపేది. అయితే అది అందులో చదివేవాటికే. ఫోనంతటా తెలుగు కావాలంటే రూట్ చేసి, లోపలి ఫాంటు మార్చాల్సిందే. చేశారా, వారంటీకి నీళ్ళొదులుకోవాలి. చెయ్యి తప్పితే ఫోను ఇటుకరాయి. ఇంతాచేస్తే, అక్షరాలొచ్చినా ఒత్తులూ గుణింతాలూ చెట్టుకొకటి పుట్టకొకటి!

2011లో హెచ్‌టీసీ వారే తాళంచెవి ఇస్తామన్నారు, వారంటీ పోవచ్చన్న హెచ్చరికతో సహా. 2012లో ఆండ్రాయిడ్ 4.1కి తెలుగు, కన్నడం, మలయాళం వచ్చాయి. కొత్త ఫోన్లవాళ్ళు బాగుపడ్డారు. పాత ఫోన్లకు ఆ భాగ్యం కంపెనీలు ఇస్తేగా? అలాంటి కొన్నిటికి, స్టీవ్ కాండిక్ 2009లో మొదలుపెట్టిన సయనోజెన్‌మాడ్ దిక్కయింది. 2016 చివర్లో అది మూతపడితే, లీనియేజ్ ఓఎస్ వారసత్వం అందుకుంది.

ఇప్పుడు తాళాలు గట్టివి. తాళం తీస్తే దాచుకున్న ఫొటోలూ సమాచారమూ తుడిచిపెట్టుకుపోతాయి. రూట్ చేసిన ఫోను చూస్తే చాలా బ్యాంకు యాప్‌లు గుమ్మంలోనే ఆపేస్తాయి. దొంగల భయం నిజమే కనుక వాళ్ళను తప్పుపట్టలేం. తెలుగు ఎలాగూ వచ్చేసింది కాబట్టి మనకూ ఆ అవసరం తీరింది.

కానీ ఒక్క మాట. వారంటీ కాగితంలో తెర గురించీ, బ్యాటరీ గురించీ బారెడు రాస్తారు. కొన్నవాడి భాష కనిపిస్తుందో లేదో ఒక్క ముక్కా వుండదు. ఆనాడు ఆ కాగితాన్ని పక్కనపెట్టి తాళం తీసిన కుర్రాళ్ళను ఆకతాయిలన్నారు. వాళ్ళలో కొందరు వెతికింది మాత్రం అ ఆ ఇ ఈలనే.