బాలసాహిత్యానికి వయోజన పాఠకుడు: నీతిచంద్రిక నుంచి చందమామ వరకు

బాలసాహిత్యాన్ని రచయిత ఉద్దేశాన్నిబట్టి నిర్వచించడం తెలుగు సాహిత్యచరిత్రలో పరిపాటి. చదివినవారినిబట్టి పరిశీలిస్తే ఆ సరిహద్దు నిలవదు. పంచతంత్రం విష్ణుశర్మ రాజకుమారులకు చెప్పిన కథలుగా మొదలవుతుంది. దానిని తరతరాలుగా అనువదించినవారూ వ్యాఖ్యానించినవారూ పెద్దలే.

ఆ కథలను ఆధారంగా చేసుకొని పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రిక విద్యార్థులకు ఉద్దేశించిన గ్రంథం. మిత్రలాభ, మిత్రభేదాలతో ఆగిన ఆ రచన పండితలోకంలో గద్యానికి ప్రమాణమైంది. మిగిలిన సంధి, విగ్రహ భాగాలను కందుకూరి వీరేశలింగం రచించారు. తరగతిగది కోసం పుట్టిన వచనం భాషాచర్చకు కేంద్రమైంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ స్థానం చందమామది. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసునుంచి దీనిని ప్రారంభించారు. 1952 నుంచి 1980 వరకు సంపాదక బాధ్యత వహించిన కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' వంటి నవలలు రాసిన వాస్తవికవాది. చందమామలో ఆయన తీర్చిన వచనం సరళమైనదే గాని పాఠకుని తక్కువగా అంచనా వేసినది కాదు. బేతాళకథలు ఇందుకు నిదర్శనం. సంప్రదాయకథలు ఇరవైఐదే, అవి ముగిశాక కొత్తవి కల్పించవలసివచ్చింది. ప్రతికథా ఒక ప్రశ్నతో ఆగుతుంది. త్యాగం గొప్పదా, కర్తవ్యం గొప్పదా అన్న ఆ విచికిత్స బాలునికి వినోదం, సంసారికి అనుభవం.

తెలంగాణలో ఈ పఠనానికి మరొక చారిత్రక కోణం ఉంది. చందమామ వెలువడేనాటికి హనుమకొండ సమీపాన ఉన్న హసన్‌పర్తి నిజాం పాలనలోనిది. రాజభాషా, ఉన్నతవిద్యామాధ్యమమూ ఉర్దూ. హనుమకొండలో 1904లో నెలకొన్న రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాలే తెలుగు పఠనానికి ఆశ్రయం. 1948 సెప్టెంబరు వరకు ఇదే స్థితి. తెలుగుచదువు బడిలో సరిగా అందని తరానికి పెద్దక్షరాలు, చిన్నవాక్యాలు, బొమ్మలు గల కథ బాల్యచాపల్యం కాదు, మాతృభాషలోకి ప్రవేశద్వారం. పిల్లవానికోసం ఇంటికి వచ్చిన పత్రిక తండ్రికీ పాఠ్యం కాగలదు.

అందుచేత పెద్దలు చందమామను ఇష్టపడటాన్ని గతంపై మమకారంగా మాత్రమే వివరించడం అసమగ్రం. కథాకౌతుకం, ధర్మవిచారం, అక్షరాస్యతాచరిత్ర ఈ మూడూ అందులో కలిసి ఉన్నాయి. బాలసాహిత్యచరిత్రను రచయితల జాబితాగా కాక పాఠకుల చరిత్రగా రాసినప్పుడే హసన్‌పర్తి వంటి ఊళ్ల చదువరికి అందులో చోటు దొరుకుతుంది.