సింపుల్ అంటే ఎవరి లెక్కలో?

లెక్కల పుస్తకంలో "సూక్ష్మీకరించండి" అని ఉంటుంది చూశారా? ఆ ఒక్క మాట కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చెప్పడం పెద్ద గొడవే అయింది ఫ్రెండ్స్. ఎక్స్ పవర్ 100 మైనస్ 1ని ఎక్స్ మైనస్ 1తో భాగించండి. 100 పదాలొస్తాయి. భాగించకుండా వదిలేస్తే చిన్న లైను. ఏది సూక్ష్మం?

1971లో ఎంఐటీకి చెందిన జోయెల్ మోజెస్ దీనిమీద పేపర్ రాశాడు. గణిత సాఫ్ట్‌వేర్లని రాజకీయ పార్టీల్లా విడగొట్టాడు (భలే ఐడియా!). రాడికల్స్ ఏమిచ్చినా తమ రూపంలోకే మార్చేస్తాయి. కన్జర్వేటివ్స్ మాత్రం రూల్స్ మీరే రాసుకోండి అంటాయి.

ఎంఐటీలోనే 1968లో మొదలైన మాక్సైమాలో తర్వాత టెల్‌సింప్ అనే కమాండ్ వచ్చింది. మీ రూల్ ముందు, సిస్టమ్ రూల్స్ తర్వాత. టెల్‌సింప్‌ఆఫ్టర్ అంటే దానికి ఉల్టా.

ఇక్కడే చిక్కు. సైన్ స్క్వేర్‌ని 1 మైనస్ కాస్ స్క్వేర్ చెయ్యమని ఒక రూల్, కాస్ స్క్వేర్‌ని 1 మైనస్ సైన్ స్క్వేర్ చెయ్యమని ఇంకోటి రాశారనుకోండి, గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. అదైనా నయం, కళ్లకి కనిపిస్తుంది. ఎక్స్ స్క్వేర్‌కి రూట్ తీస్తే ఎక్స్ అని రాస్తే? ఎక్స్ మైనస్ 3 అయినప్పుడు రావాల్సింది 3, వచ్చేది మైనస్ 3. ఎర్రర్ ఉండదు, తప్పు జవాబు చల్లగా ముందుకెళ్లిపోతుంది. అందుకే రూల్‌కి షరతు కట్టాలి: ఎక్స్ సున్నాకి తగ్గకపోతేనే.

పోనీ అన్నీ సిస్టమే చూసుకోవచ్చుగా? కుదరదు. సైన్, ఎక్స్‌పొనెన్షియల్, పై లాంటివి కలిసిన ఎక్స్‌ప్రెషన్ సున్నాకి సమానమా కాదా అని ప్రతిసారీ తేల్చే ప్రోగ్రామ్ ఉండదని డేనియల్ రిచర్డ్‌సన్ 1968లోనే నిరూపించేశాడు. మాక్సైమా వారసుడు మాక్సిమా ఇప్పుడు ఫ్రీ, ఆండ్రాయిడ్‌లో కూడా నడుస్తుంది. టెల్‌సింప్ అందులో ఇంకా ఉంది.