తిరిదాతు: ఒక రాజు మార్చుకొనని పేరు



బాప్తిస్మం తీసుకునేవారు పాత పేరు మార్చుకోవాలా అని మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. ఇంట్లోవాళ్లు ప్రేమతో పెట్టిన పేరు వదలాలంటే కొందరికి కన్నీళ్లే వస్తాయి. అందుకే ఈసారి ప్రాచీన ఆర్మేనియా రాజుల పేరొకటి చూద్దాం.

గ్రీకువారు, రోమీయులు దాన్ని తిరిదాతేస్ అని రాశారు. ఆర్మేనియావారు త్ర్దాత్ అంటారు. మన నోటికి అది తిరగదు గనుక తిరిదాతు అనుకుందాం. పేరు పుట్టింది ఇరాను భాషలో. తీర్ అనేది ఒక దేవుని పేరు. రాతకూ కలల భావానికీ అధిపతి అని ఆనాటివారి నమ్మకం. దాత అంటే ఇవ్వబడినవాడు. మన దేవదత్తుడు, దత్తత అనే మాటల్లో ఉన్న ధాతువే అది. ఎజ్రా 1:8లో కోరెషు ఖజానాదారుడైన మిత్రిదాతు జ్ఞాపకమున్నాడా? అదీ ఇలాంటి పేరే, మిత్రుడనే దేవుడు ఇచ్చినవాడని.

క్రీ.శ. 66లో రోములో నీరో చేతిమీదుగా కిరీటం పొందిన మొదటి తిరిదాతు నిజంగానే ఆ మతపు యాజకుడు. సముద్రాన్ని మైలపరచకూడదని వెళ్లేటప్పుడు నేలమీదనే ప్రయాణం చేశాడట!

తర్వాత అదే పేరుగల మరొక రాజు వచ్చాడు. గ్రెగొరీ అనే దైవజనుణ్ణి ఖోర్ విరాప్‌లో గోతిలో వేయించినవాడు ఇతడే, చివరికి అతని బోధకే లోబడినవాడూ ఇతడే. సంప్రదాయం ప్రకారం అది 301. 314 అనే పండితులూ ఉన్నారు. ఆర్మేనియా చరిత్రకారుడు అగతాంగెలోస్ ఒక సంగతి చెబుతాడు: రాజు అర్తషాత్‌కు వెళ్తూ, దారిలో మొదట పడగొట్టించింది తీర్ గుడినే. తన పేరులో ఉన్న దేవుని గుడి! అయినా పేరు మాత్రం మార్చుకోలేదు. ఆర్మేనియా సంఘం ఆ పేరుతోనే అతణ్ణి పరిశుద్ధుల్లో లెక్కిస్తుంది.

కొత్త నిబంధనలోనూ అంతే. అపొల్లో పేరు గ్రీకు దేవునిది, ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితే ఉంది, ఫీబే అనేది అర్తెమిదేవికున్న మరో పేరు. వీరిలో ఎవరినీ పౌలు పేరు మార్చుకోమన్నట్టు లేదు. అందుచేత మేమూ ఎవరినీ బలవంతపెట్టం. ఇష్టపడి మార్చుకుంటామంటే కాదనం.

ఆ రాజు తర్వాత దాదాపు ఏడు వందల ఏళ్లకు త్ర్దాత్ అనే క్రైస్తవ శిల్పి ఒకడు కనిపిస్తాడు. 989 భూకంపంలో దెబ్బతిన్న కాన్‌స్టాంటినోపుల్ హాగియా సోఫియా గుమ్మటాన్ని బాగుచేసింది అతడే. ఆనీ పట్టణంలో పెద్ద దేవాలయాన్ని కట్టింది కూడా అతడే. దాని గుమ్మటం కూలిపోయినా గోడలు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి.