విద్యుత్ రాగి మిశ్రలోహాలు

కరెంటును మోస్తూనే ఒత్తిడిని, వేడిని తట్టుకునేలా రాగిలో ఇతర మూలకాలను కొద్దిపాళ్లలో కలిపి తయారుచేసే లోహాలివి. కనెక్టర్లు, రిలేలు, చిప్పుల లీడ్‌ఫ్రేములు, రైలు మార్గాలపై విద్యుత్ తీగలు వీటితో తయారవుతాయి. స్వచ్ఛమైన రాగి మేలైన వాహకమే కాని మెత్తనిది. బలం కోసం అందులో ఏది కరిగినా వాహకత తగ్గుతుంది. ఈ చిక్కును విప్పేందుకు జరిగిన కృషే వీటి చరిత్ర.

తొలి దశ

టెలిగ్రాఫ్ కేబుళ్ల కాలంలో, 1857లో, బజారులో దొరికే రాగి నమూనాల వాహకతలో పెద్ద తేడాలున్నాయని విలియం థామ్సన్ చూపాడు. స్వల్పమైన మలినాలు కూడా నిరోధాన్ని పెంచుతాయని 1860లలో ఆగస్టస్ మథీసన్ పరిశోధనలు రుజువు చేశాయి. 1877లో అమెరికాలో థామస్ డూలిటిల్ రాగిని చల్లగానే సాగదీసి గట్టి తీగను తయారుచేశాడు. టెలిఫోను తంతులకు అది బాగా పనికొచ్చింది, అయితే వేడెక్కితే మళ్లీ మెత్తబడేది. 1913లో రాగి వాహకతకు అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది. స్ప్రింగులకు వాడే ఫాస్ఫర్ బ్రాంజ్‌లో 5 శాతం తగరం కలిస్తే వాహకత ఆ ప్రమాణంలో దాదాపు 15 శాతానికి పడిపోతుంది.

అవక్షేప దృఢీకరణ

ఆల్ఫ్రెడ్ విల్మ్ 1906లో అల్యూమినియం మిశ్రలోహంలో గమనించిన, చల్లార్చాక క్రమంగా గట్టిపడే గుణం ఇక్కడ దారి చూపింది. 1920లలో మైకేల్ కోర్సన్ రాగిలో నికెల్, సిలికాన్ కలిపి అదే ఫలితం సాధించాడు. లోహాన్ని బాగా కాచి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ మితంగా వేడిచేస్తే, కరిగి ఉన్న నికెల్, సిలికాన్ అతి సూక్ష్మమైన కణాలుగా విడివడతాయి. ఆ కణాలు స్ఫటికంలోని పొరలు జారకుండా అడ్డుపడతాయి, అందుకే బలం పెరుగుతుంది. చుట్టూ మిగిలిన రాగి శుద్ధి కావడంతో వాహకత కూడా చాలావరకు తిరిగొస్తుంది. ఒకే చర్యతో రెండు ప్రయోజనాలు నెరవేరడమే ఈ పద్ధతి గొప్పతనం. ఇదే మార్గంలో, సుమారు 2 శాతం బెరీలియం కలిపిన రాగి 1200 మెగాపాస్కళ్లకు మించిన బలాన్ని అందుకుంది.

ఎలక్ట్రానిక్స్ యుగం

తొలినాటి చిప్పుల లీడ్‌ఫ్రేములకు ఎక్కువగా ఇనుము–నికెల్ మిశ్రలోహాన్ని వాడేవారు. చిప్పులో పుట్టే వేడిని అది సరిగా బయటికి పంపలేకపోయేది. అమెరికాలోని ఓలిన్ సంస్థ 1960లలో రూపొందించిన రాగి–ఇనుము–ఫాస్ఫరస్ మిశ్రలోహం, అంతర్జాతీయ ప్రమాణంలో 60 శాతానికి మించిన వాహకతతో, ప్లాస్టిక్ ప్యాకేజీల్లో క్రమంగా ఆ స్థానాన్ని ఆక్రమించింది. కనెక్టర్లు చిన్నవవుతున్న 1980లలో కోర్సన్ లోహానికి మెగ్నీషియం చేర్చిన కొత్త రకాలు వచ్చాయి.

ఆరోగ్యం, ప్రస్తుత దిశ

బెరీలియం ధూళి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. అమెరికాలో ట్యూబులైట్ల కార్మికుల్లో ఈ జబ్బును హారియట్ హార్డీ 1946లో వివరించింది. కాడ్మియం విషపూరితం కావడంతో కాడ్మియం రాగి తీగల స్థానంలో మెగ్నీషియం, తగరం కలిపినవి వచ్చాయి. బెరీలియానికి బదులుగా రాగి–టైటానియం వంటివి రూపొందినా, వాటి వాహకత తక్కువ. కార్లలో ఇంజను వేడికి కనెక్టర్ స్ప్రింగు పట్టు సడలితే అతుకు దగ్గర నిరోధం పెరిగి మరింత వేడెక్కుతుంది. అందువల్ల బలం, వాహకతలతో పాటు వేడిలో పట్టు నిలుపుకునే గుణాన్నీ, పోతపోసే, సానపట్టే కార్మికుల భద్రతనూ నేటి లోహ రూపకల్పనలో తప్పనిసరి కొలమానాలుగా చూడాలి.