బావి నుండి పునాదికి

ఒమాను దేశపు బాతినా తీరమున, సొహారునకును ఖాబూరాకును నడుమ, ఒక వంక హజరు పర్వతపంక్తియు మరియొక వంక సముద్రమును హద్దులుగా సహం ప్రాంతము పరచుకొనియున్నది. వానలు అరుదైనను, కురిసిన నాడు వాదీ అహిన్ వంటి కొండవాగులు ఉగ్రరూపము దాల్చి, రాళ్లను ఇసుకను మోసికొనివచ్చి, యుగములుగా ఈ నేలను నిర్మించినవి. కొండల చెంత పెద్దరాళ్లు, నడుమ గులకరాతి పొరలు, తీరమున సన్నని ఇసుకయు ఒండ్రును. కొన్నియెడల సున్నపు పదార్థము గులకరాళ్లను బంధించి శిలాప్రాయము గావించినది. ఇట్టి నేలలో లోతునకు దిగుట ఇచ్చటివారికి క్రొత్తవిద్య కాదు.

బాతినా తోటలకు ఎద్దులచే నీరు తోడించిన బావులు మన మోటబావులకు తోబుట్టువులు. భూగర్భజలమును సొరంగముల ద్వారా ఊళ్లకు తెచ్చు ఫలజ్ కాలువలకై పనివారు వరుసగా నిలువు కూపములు త్రవ్వి, వాని అడుగులను కలుపుచు పోయిరి. ఒమానులోని అట్టి ఐదు కాలువలను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. ఏ పొర నిలుచునో, ఏది కూలునో, నీరు ఎచ్చట ఊరునో ఎరిగిన కూపఖనకుల పరిజ్ఞానమే, నేలలో లోతుగా నిలుపు కాంక్రీటు స్తంభములైన నేటి పైల్ పునాదుల విద్యకు మూలమని నా దృఢవిశ్వాసము.

ఇందుకు మన గోదావరియే సాక్షి. 1847లో ఆరంభమైన ధవళేశ్వరము ఆనకట్టకు కాటన్ దొర ఇసుకలో దింపిన బావుల వరుసలనే ఆధారము చేసికొనెను. 1900లో రైళ్లకు తెరువబడిన హేవలాకు వంతెన స్తంభములును నదీగర్భమున దింపిన బావులపైననే నిలిచినవి. ఇంచుమించు ఆ కాలముననే చికాగో నగరపు మెత్తని బంకమట్టిలో పనివారు చేతితో గోతులు త్రవ్వి, పలకలతో గోడలను ఆపి, కాంక్రీటుతో నింపిరి. రెండవ ప్రపంచ యుద్ధానంతరము రంధ్రపు గోడలను ఆపు బెంటొనైట్ అను బంకమట్టి ద్రవము వ్యాప్తిలోనికి వచ్చుటతో, మనిషి దిగకయే నీరూరు నేలలో విశాలమైన రంధ్రములు తొలుచుట సాధ్యమైనది.

రిగ్గు అను తొలుచు యంత్రము చేసిన రంధ్రమున బెంటొనైట్ మట్టము భూగర్భజలమునకు పైన నిలిచినంతకాలము గోడలు కూలవు. వదులు గులకరాతిపొర తగిలినచో ఆ ద్రవము రాళ్ల సందులలోనికి ఇంకిపోవును గనుక ఉక్కు కేసింగు, అనగా గోడలను ఆపు గొట్టము, దింపవలసివచ్చును. అడుగున చేరిన మడ్డిని తీసివేసి, కమ్మీల బోను దింపి, ట్రెమీ గొట్టముతో కాంక్రీటును క్రిందినుండి పైకి నింపుదురు. గొట్టపు కొన సదా తాజా కాంక్రీటులో మునిగియే యుండవలెను. అది పైకి వచ్చెనా, బురద చొరబడి పైలు అఖండత చెడును. పైబరువులో కొంత చుట్టుగోడల ఘర్షణము, కొంత అడుగునేల మోయును. దేని పాలు ఎంతయో నిర్ణయించుటయే రూపకర్తకు అసలు పరీక్ష. తీరమందలి ఉప్పునీరు ఒకవైపు కమ్మీని, ఒకవైపు కాంక్రీటును తినివేయును గాన, సిమెంటు ఎంపికయందును ఏమరుపాటు పనికిరాదు.

2018లో పూర్తిగా తెరువబడిన సుమారు 270 కిలోమీటర్ల బాతినా రహదారి కొండవాగులనెన్నింటినో దాటుచు పోవును. 2021 అక్టోబరులో షాహీన్ తుపాను ఈ తీరముపై విరుచుకుపడి, ఎండిన వాగులు ఎంత బలముతో పారగలవో చూపినది. అట్టి వరద అడుగు ఇసుకను కోసివేసినను వంతెన నిలువవలెనన్న, పునాది ఆ కోతకు అందని లోతునకు పోవలెను. ఆ లోతును గణితమొక్కటే చెప్పజాలదు; బోరువేసి తీసిన మట్టియు, బరువు మోపి చూచిన పరీక్షపైలును కూడ చెప్పవలెను. వ్యయమునకు వెరచి వీనిని కుదించుట, బావులు త్రవ్వినవారు ప్రాణములొడ్డి ఆర్జించిన జ్ఞానమును తృణీకరించుటయే; నేలను పరీక్షింపక లోతునకు దిగరాదను వారి నియమము నేటి ఇంజనీరునకును శిరోధార్యము.