నబర్లెక్‌కు దాని పేరే ఉండాలి
ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్నెమ్ ల్యాండ్ ఇసుకరాతి గుట్టల్లో, పగలు బండల పగుళ్లలో నక్కి రాత్రి మేతకు దిగే, కంగారూల కుటుంబానికే చెందిన చిన్న వాలబీ నబర్లెక్. బరువు కిలోన్నరకు అటూ ఇటూ. తెలుగులో దీన్నీ ‘చిన్న కంగారూ’ అనేస్తే పొరపాటే. ‘కంగారూ’ అన్న మాటకు మూలం, 1770లో ఆంగ్లేయ నావికుడు కుక్ బృందం ఎండీవర్ నది ఒడ్డున స్థానిక గూగూ యిమిథిర్ భాషలో విన్న ‘గంగురు’; అది ఒక పెద్ద జాతికి మాత్రమే పేరు.  ‘వాలబీ’ సిడ్నీ ప్రాంతపు ధరుగ్ మాట, ‘నబర్లెక్’ పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్ మాట. తెలిసిన పేరైతే పాఠకుడికి సులువు కదా అనవచ్చు; కానీ చుంచునీ పందికొక్కునీ ఎలుక అని ఊరుకోం. పైగా గరుకైన నీటి ఫెర్నులు నమిలి అరిగిన దంతాలు రాలిపోతుంటే, నబర్లెక్ దవడ వెనక జీవితాంతం కొత్తవి మొలిచి ముందుకు జరుగుతాయి. మరే వాలబీకీ, కంగారూకీ ఈ ఏర్పాటు లేదు.