కమ్యూనిటీ కాలేజీ: తెలియక వదులుకుంటున్న దారి

ఏడేళ్ళ క్రితం ఫ్రీమాంట్‌లో మేముండే అపార్ట్‌మెంట్లలోకి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. మేనమామ స్పాన్సర్ చేసిన గ్రీన్‌కార్డు మీద వచ్చారు. తండ్రి పదో తరగతితో ఆపేశారు, తల్లి చదువు అంతకన్నా తక్కువే. కొడుకు అక్కడ ఇంటర్ పూర్తి చేసుకుని వచ్చాడు. "అన్నయ్యా, ఇక్కడ ఇంజనీరింగ్ చదవాలంటే ఎంసెట్ లాంటిదేమైనా రాయాలా?" అని అడిగాడు. ఇక్కడ ఎమ్మెస్ చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెడుతున్న నా దగ్గర జవాబు లేదు! "దగ్గర్లో కమ్యూనిటీ కాలేజీ ఉందటగా?" అంటే, "అక్కడ చదివితే ఎందుకూ పనికిరాదు" అనేశాను. అది నా అజ్ఞానం. తర్వాత అతనితో పాటు నేను తెలుసుకున్న సంగతులు మీకో, మీ చుట్టాలకో ఉపయోగపడతాయని రాస్తున్నాను.

అసలు ఏమిటీ కాలేజీలు?

1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్‌లో ఆరుగురు విద్యార్థులతో మొదలైన జూనియర్ కాలేజీ, ఈ తరహా ప్రభుత్వ కాలేజీల్లో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో అన్నిటికన్నా పాతది. ఇప్పుడు దేశమంతటా వెయ్యికి పైగా ఉన్నాయి. ఒక్క కాలిఫోర్నియాలోనే 116. మన బే ఏరియా వాళ్ళకి తెలిసిన డి ఆంజా, ఫుట్‌హిల్, ఓలోనీ, మిషన్ కాలేజీలు ఇవే. నాలుగేళ్ళ డిగ్రీలో మొదటి రెండేళ్ళ చదువు ఇక్కడ పూర్తి చేసి, మిగతా రెండేళ్ళకి యూనివర్సిటీకి మారవచ్చు. చేతికి వచ్చే పట్టా మీద ఆ యూనివర్సిటీ పేరే ఉంటుంది. కాలిఫోర్నియాలో పద్దెనిమిదేళ్ళు నిండినవారు ఎవరైనా చేరవచ్చు. ఎంట్రన్స్ పరీక్ష లేదు.

ఖర్చు

కాలిఫోర్నియా నివాసులకు 2012 నుంచి సెమిస్టర్ యూనిట్‌కి 46 డాలర్లు. బదిలీకి కావలసిన 60 యూనిట్లకూ కలిపి 2,760 డాలర్లు. పుస్తకాలు, చిన్నచిన్న ఫీజులు అదనం. ఆదాయం తక్కువున్న కుటుంబాలకు కాలేజ్ ప్రామిస్ గ్రాంటు కింద ఈ ఫీజు కూడా మాఫీ అవుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఫాఫ్సా నింపితే ఫెడరల్ సాయానికి కూడా అర్హులు. అందులో పెల్ గ్రాంటు తిరిగి కట్టక్కర్లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నివాసిగా లెక్కలోకి రావాలంటే టర్ము మొదలయ్యే ముందు ఏడాది, ఇంకొక రోజు రాష్ట్రంలో ఉండి తీరాలి. లేకపోతే ఫీజు ఎన్నో రెట్లు. హెచ్-4 పిల్లలు కూడా నివాసులుగా అర్హత పొందవచ్చు, కానీ వారికి ఫెడరల్ సాయం రాదు. ఎఫ్-1 వాళ్ళకి నివాసి ఫీజు వర్తించదు.

యూనివర్సిటీకి మారడం

యూసీ క్యాంపస్‌లలో ఆరు (డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్) 'ట్యాగ్' అనే సీటు హామీ ఇస్తాయి. చెప్పిన కోర్సులు, చెప్పిన జీపీఏ సాధిస్తే సీటు ఖాయం. ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి, అదీ సెప్టెంబరులోనే. బర్క్‌లీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియేగో ఈ హామీ ఇవ్వవు, అక్కడ పోటీ పడాల్సిందే. మనవాళ్ళు ఎగబడే కంప్యూటర్ సైన్స్‌కు కొన్ని క్యాంపస్‌లలో ఈ హామీ లేదు. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో 'అసిస్ట్ డాట్ ఆర్గ్'లో కాలేజీవారీగా చూసుకోవచ్చు.

మొదటి తరం చిక్కులు

తల్లిదండ్రుల్లో ఎవరికీ నాలుగేళ్ళ డిగ్రీ లేకపోతే ఆ విద్యార్థిని ఇక్కడ 'ఫస్ట్ జనరేషన్' అంటారు. వాళ్ళకి కొరత తెలివితేటల్లో కాదు, ఇంట్లో అడిగి తెలుసుకునే మనిషి లేకపోవడంలో. మన కుర్రాడు ఏడాది ఆగి కాలేజీలో చేరాడు. సాయంత్రం షాపులో పని. మొదటి టర్ములో పని వేళలకి కుదిరిన కోర్సులు తీసుకున్నాడు. వాటిలో రెండు ఇంజనీరింగ్ బదిలీకి లెక్కలోకే రాలేదు! కాల్‌క్యులస్, ఫిజిక్స్ గొలుసుకట్టు కోర్సులు. ఒకటి అయితే గానీ రెండోది ఇవ్వరు. అలా అతనికి ఏడాది పోయింది. "మనకెందుకురా ఈ చదువులు, షాపులో ఫుల్‌టైం చెయ్యి" అన్నారు తండ్రి. ఆయన తప్పు లేదు, అద్దె కట్టాలి కదా.

అతన్ని నిలబెట్టింది ఈఓపీఎస్ అనే కార్యక్రమం. ఆర్థికంగా, చదువుపరంగా వెనకబడిన విద్యార్థుల కోసం 1969లో కాలిఫోర్నియా పెట్టిన పథకం ఇది. విడిగా కౌన్సెలర్ ఉంటారు, పుస్తకాలకు సాయం చేస్తారు. ఆ కౌన్సెలర్ కూర్చోబెట్టి, బదిలీ అయ్యేదాకా ఏ టర్ములో ఏ కోర్సో కాగితం మీద రాసి ఇచ్చారు. మూడేళ్ళకు యూసీ డేవిస్‌లో సివిల్ ఇంజనీరింగ్‌లో చేరాడు. డిగ్రీ అందుకున్న రోజు వాళ్ళ నాన్నగారు నాకు ఫోన్ చేసి, "ఇంక పరీక్షలేమీ లేవుగా బాబూ?" అని రెండుసార్లు అడిగారు.

చిన్నచూపు ఎందుకు?

స్పేస్ షటిల్‌కి తొలి మహిళా కమాండర్ ఐలీన్ కాలిన్స్ న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ కమ్యూనిటీ కాలేజీలో చదివి, అక్కడినుంచి సిరక్యూస్ యూనివర్సిటీకి వెళ్ళారు. 1999లో ఆవిడ నడిపిన కొలంబియా నౌక మోసుకెళ్ళింది మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టిన 'చంద్ర' టెలిస్కోపునే!

అందరూ గట్టెక్కుతారని చెప్పను. బదిలీ అవుదామని చేరి మధ్యలో ఆగిపోయేవాళ్ళు చాలామంది. అందుకే మీ చుట్టుపక్కల అలా కొత్తగా వచ్చిన కుటుంబం ఉంటే, వాళ్ళ పిల్లల్ని మొదటి టర్ము రిజిస్ట్రేషన్‌కి ముందే కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళండి. మనకి ఒక పూట పోతుంది, వాళ్ళకి ఒక ఏడాది మిగులుతుంది.